జొన్న బీరు ఉస్తాద్

ఆయన పోయాడన్న కబురు నాకు వాట్సాప్‌లో వచ్చింది. పాత బ్రూవరీలో పనిచేసిన వాళ్ల గ్రూపు ఒకటి ఉంది. పండగ శుభాకాంక్షలు తప్ప అందులో ఇంకేమీ ఉండవు. ఆ పొద్దున చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతుంటే ఏదో పండగ మరిచిపోయాననుకున్నాను. పైకి జరిపి చూస్తే ఆయన ఫొటో. సూటూ టైతో స్టూడియోలో దిగింది. నేను ఆయన్ని ఒక్కనాడు కూడా టైలో చూడలేదు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, కాకిరెక్కలా రంగేసిన జుట్టు, నాకు తెలిసిన మనిషి అది. టై కట్టుకున్న మనిషి కోసం ఏడుపు కూడా వెంటనే రాలేదు.

పేరు రాయను. పేరుతో ఎవరూ పిలవలేదు కూడా. బ్రూవరీలో అందరికీ ఆయన ఉస్తాద్. ఆ పిలుపు వినబడితే చాలు, నడుస్తున్నవాడల్లా ఆగి, చొక్కా సర్దుకుని, అప్పుడు వెనక్కి తిరిగేవాడు. వినయం అనే సరుకు దేవుడు ఆయనకు పెట్టి పంపలేదు.

అప్పట్లో నాకు అశోక్ నగర్‌లో కర్రీ పాయింట్ ఉండేది. సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు రూముల్లో అన్నం వండుకుని, కూర మాత్రం నా దగ్గర కవర్లో కట్టించుకుని పోయేవారు. ఆ పిల్లల మధ్య ఈయన తెల్లచొక్కాతో నిలబడేవాడు. పోనీ కవరు తీసుకుని ఊరికే పోతాడా? అక్కడే ముడి విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, అందరూ వినేలా తీర్పు చెప్పేవాడు.

"ఈ పొద్దు పోపుల మెంతులు మాడినయ్ అక్కా."

నాకంటే ఎంతో పెద్దవాడు. జుట్టు నల్లగా ఉన్నంతవరకు తాను కుర్రవాడినే అనుకునే మనిషి కాబట్టి నన్ను అక్కా అనేవాడు. నేనూ తగ్గకుండా అన్నా అనేదాన్ని. మెంతులు మాడిన మాట నిజమే. అయినా గిరాకీ ముందు ఒప్పుకుంటానా?

"మాడింది మీ ముక్కు, నా మెంతులు గాదు."

కోపం రాలేదు ఆయనకు. మర్నాడు మళ్లీ వచ్చాడు. "నారాయణగూడల బీరు తయారు చేసే జాగ పెడుతున్నం అక్కా. వంటకు నువ్వు రావాలె. నాతోటి కొట్లాడే మనిషి లేకపోతే నా నాలుక మొద్దువారుతది" అన్నాడు. చుట్టూ ఉన్న పిల్లలు పగలబడి నవ్వారు.

"నన్ను బార్ల వంటకు పిలుస్తున్నవా అన్నా?"

"బారు గాదు. బార్ల ఎవడో చేసింది అమ్ముతరు. మనం మన చేతులతోటి చేసి, ఆడనే పోస్తం. నువ్వు పప్పు వండి పెడ్తలేవా, గట్లనే."

ఇంట్లో కొన్నాళ్లు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. అయినా వెళ్లాను. ఎండలో నిలబడి కవర్లకు ముళ్లు వేసి వేసి నాకు విసుగొచ్చి ఉంది.

అదొక పాత ప్రింటింగ్ ప్రెస్ షెడ్డు. ఊళ్లో చిన్న చిన్న బ్రూవరీలకు అనుమతులు ఇవ్వడం అప్పుడప్పుడే మొదలైంది. చిక్కడపల్లిలో ఇనుప సామాను దుకాణం నడుపుకునే అన్నదమ్ములిద్దరు ధైర్యం చేసి ఆ షెడ్డు కిరాయికి తీసుకున్నారు. వాళ్లకు బీరు చేయడం రాదు. ఉస్తాద్ మాత్రం ఉద్యోగమంతా పెద్ద బీరు ఫ్యాక్టరీలో చేసి రిటైరైనవాడు. "ఆడ నేను మీటలు నొక్కిన అక్కా, బీరు చెయ్యలే. ఇంట్ల పని లేక కూసున్నంక బీరు చేసుడు షురువైంది" అని చెప్పేవాడు. గోధుమ బీరు అందరూ చేస్తారు. ఆయన పట్టు జొన్న బీరు మీద. జొన్న గట్క తిని పెరిగిన ఊళ్లో, జొన్నతో ఒక్క మంచి బీరు లేకపోవడం ఆయనకు సొంత అవమానంలా ఉండేది.

అడ్డంకి ఒక్కటే, ఆ అన్నదమ్ముల తల్లి. నీసు ముట్టని ఇల్లు వాళ్లది. అమ్మ సరేననకపోతే ఆ ఇంట్లో మేకు కూడా గోడకు దిగదు. ఒక పొద్దున ఆమెను షెడ్డుకు తీసుకొచ్చారు. నేను వంటగదిలో అరలు సర్దుకుంటున్నాను. ఉస్తాద్ ఆమెను తాగే హాల్లోకి రానివ్వలేదు. వెనక మెట్ల మీదుగా డాబా మీదికి తీసుకుపోయాడు. అక్కడ తడి గోనెసంచుల మీద జొన్నలు మొలకెత్తి ఉన్నాయి. కొన్ని అప్పటికే ఎండబెట్టి, మొలకలు నలిపి రాలగొట్టి పెట్టాడు. ఆ ఎండిన గింజలు గుప్పెడు ఆమె చేతిలో పోశాడు.

అమ్మ నాలుగు గింజలు నమిలింది. "గింత తియ్యగున్నదేంది బిడ్డా?"

"మొలకెత్తినంక తీపొస్తదమ్మా. గా తీపే బీరయితది. దీంట్ల ఇంకేం మాయ లేదు."

ఆమె వంగి ఆ గోనెసంచుల మీది మొలకలను చేత్తో తడిమింది. పుట్టింట్లో జొన్నరొట్టెలు గుర్తొచ్చాయట. "ధాన్యమే గద. ధాన్యంల పాపమేమున్నది?" అంది. కొడుకులిద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఆ రోజు నుంచి ఉస్తాద్‌కు ఆమె మీద ఏర్పడ్డ గౌరవం ఇంతా అంతా కాదు. తన పనిని సారాయి కొట్టుగా చూడని మొదటి పెద్దమనిషి ఆమే అనేవాడు. ప్రతి ట్యాంకు మొదటి గ్లాసు వెనక తలుపు దగ్గర మట్టిలో సాక పోసేవాడు, బోనాలప్పుడు అమ్మవారికి పోసినట్టు. ఆ సంగతి తెలిసి అమ్మ ఇంకా మెత్తబడింది.

నాకూ ఆయనకూ మాత్రం రోజూ యుద్ధమే. రుచి చూసే రోజు ఉల్లిగడ్డ తినడు. నేను మిర్చి వేయిస్తే ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చి కిటికీలు తెరిచేవాడు.

"నీ పోపు ఘాటు పోయి నా బీర్ల పడుతున్నది అక్కా."

"నీ బీరు పుల్లవాసన నా పప్పుల పడ్తలేదా? నేనేమన్న అన్ననా?"

ట్యాంకు నుంచి ఒక గొట్టం బకెట్‌లోని నీళ్లలోకి దిగి ఉండేది. బీరు పులిసేటప్పుడు ఆ నీళ్లు గుడగుడమనేవి. ఆయన స్టూలు వేసుకుని దాని పక్కన కూర్చునేవాడు. ఆ అన్నదమ్ముల్లో చిన్నబ్బాయి వచ్చి, "ఇంకెన్ని రోజులు ఉస్తాద్, గిరాకీ అడుగుతున్నది" అంటే వేలు పెదాల మీద పెట్టుకుని, "జర ఆగుండ్రి. అదింకా మాట్లాడుతున్నది. మాట మధ్యల లేపొద్దు" అనేవాడు. గ్లాసు మీద అరచెయ్యి మూసి, ఒకసారి తిప్పి, చెయ్యి తీసి వాసన చూసేవాడు. గుటక మింగేవాడో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే. ఆ తర్వాత, "గిట్ల ఎవ్వడన్న చెయ్యమను చూద్దాం" అనేవాడు. తప్పు చేశానని ఆ నోట ఎన్నడూ రాలేదు. బీరు కాస్త తేడాగా వస్తే నీళ్లది తప్పు, వానలది తప్పు, నా మిర్చిది తప్పు.

జొన్న బీరు పుంజుకోవడానికి కొంతకాలం పట్టింది. మొదట్లో దాన్ని తాగింది రిటైరైన లెక్చరర్లు, కోచింగ్ సెంటర్ల సార్లు. తర్వాత వాళ్ల స్నేహితులు, ఆ స్నేహితుల కొడుకులు. అంబర్‌పేట్ నుంచి, అడిక్‌మెట్ నుంచి, ఆఖరికి హైటెక్ సిటీ నుంచి కూడా కార్లు రావడం మొదలుపెట్టాయి. మా సందులో బండి పెట్టుకునే జాగ లేక కొట్లాటలయ్యాయి. అన్నదమ్ములు గచ్చిబౌలిలో రెండో బ్రాంచి తెరవాలనుకున్నారు. ఉస్తాద్ ఆనందం చూడాలి. "నేను పోయినంక గూడ ఈ ఊర్ల జొన్న బీరు దొరకాలె అక్కా. ఎవడు చేసిండో యాదికి లేకున్నా మంచిదే, బీరుండాలె" అన్నాడు. పేరు అక్కర్లేదని ఆయన అన్న ఒకే ఒక్క మాట అదే. అందుకే నాకు గుర్తుండిపోయింది.

ఆ బీరుకు ప్రాణమంతా దాన్ని పులియబెట్టే ఈస్ట్‌లో ఉంది. ఆయన దాన్ని తోడు అనేవాడు. ఒక ట్యాంకులో పని అయిపోయాక అడుగున మిగిలిన చిక్కటి తోడును స్టీలు క్యానులోకి తీసి, బయటిదేదీ పడకుండా మూసి, చల్లగదిలో దాచి, తర్వాతి ట్యాంకులో వేసేవాడు. ఎక్కడెక్కడివో కలిపి, ఏళ్ల తరబడి జొన్నకు అలవాటు చేసిన తోడట అది. అమ్మ ఒకసారి ఆ క్యాను చూసి ఏమిటని అడిగింది. గొప్పలు చెప్పుకునే అవకాశం ఆయన వదులుతాడా?

"పాలకు తోడేస్తం గదమ్మా, గిది బీరుకు తోడు. ఈ ట్యాంకులల్ల ఉన్నయన్నీ దీని పిల్లలే. అన్నింటికి తల్లి ఇది."

అమ్మ ఆ క్యానును తాకి చేతులు కళ్లకద్దుకుంది.

చిన్నబ్బాయికి ఉస్తాద్ అంటే గౌరవమే గానీ, భయం కూడా ఉండేది. "ఈ తోడుల కొంచెం ల్యాబ్‌కు పంపి భద్రం చేయిద్దాం, ఏమన్న అయితే ఎట్ల?" అని ఎన్నిసార్లు అడిగాడో. ఉస్తాద్ వినలేదు. "నా చేతుల ఉన్నంక దానికేమయితది? ల్యాబోడు అమ్ముకుంటడు" అనేవాడు. ఆ ఒక్క మొండితనం లేకపోయి ఉంటే అని ఇప్పటికీ నాకు మనసు పీకుతుంది. కలకాలం ఉండాలనుకున్నదాన్ని ఒకే ఒక్క క్యానులో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ ఏడు దసరాకు ఉస్తాద్ గచ్చిబౌలిలో కొత్త ట్యాంకుల దగ్గర ఉన్నాడు. మాకు ఇక్కడ సెలవు, ట్యాంకులన్నీ కడిగి ఖాళీగా పెట్టాం. ఏటా లాగే అమ్మ ఆయుధ పూజకు వచ్చింది. వాచ్‌మన్ తలుపులు తీశాడు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి ట్యాంకులన్నింటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండలు. ఉస్తాద్ కూడా అప్పుడే వచ్చాడు. చల్లగదిలో క్యాను మూతకు పెద్ద బొట్టు చూసి నవ్వాడు. "అమ్మ దీన్ని గూడ ఇడ్సిపెట్టలే" అంటూ మూత తీశాడు.

లోపల పసుపు నీళ్లు. అక్షింతలు, బంతిరేకులు తేలుతున్నాయి. కొబ్బరినీళ్ల వాసన.

వాచ్‌మన్ సంబరంగా చెప్పాడు. "అమ్మనే మూత తీపిచ్చింది సార్. బొట్టు బయటి గిన్నెకు పెడితే ఏం లాభం, తల్లి లోపలున్నది గద అన్నది. మస్తు నియమంతోటి చేసింది."

ఆయన ఆ రేకులను ఒక్కొక్కటే వేళ్లతో తీశాడు. ఆ వారమంతా అడుగు నుంచి కాస్త కాస్త తోడు తీసి, సీసాల్లో జొన్న తీపినీళ్లు పోసి బతికించాలని చూశాడు. ఒక సీసా గుడగుడమంది. ఆశపడి దాన్ని పెంచి ట్యాంకులో వేశాడు. కొన్నాళ్లకు షెడ్డంతా చెడిపోయిన పుల్లటి సిర్కా వాసన కొట్టింది. ట్యాంకు మొత్తం కాలువలోకి వదిలేస్తుంటే ఆయన బూట్లతో ఆ నీళ్లలోనే నిలబడ్డాడు. నాకు ఆయన మీద అంత జాలి ఎప్పుడూ కలగలేదు.

"పోయి చెప్పన్నా వాళ్లకు. నీ తప్పేమున్నది దీంట్ల?" అన్నాను.

"ఏమని చెప్పాలె? మీ అమ్మ పూజ చేసి నా తోడును చంపిందనా? ఆమె దేవునికి మొక్కింది అక్కా. గీ మాట చెవిల పడితే రేపటి సంది దీపం ముట్టియ్యాలన్నా చెయ్యి వణుకుతది. అయినా తల్లి అని చెప్పింది ఎవడు? నేనే గద."

"మరి నీ బీరు?"

ముందు వాచ్‌మన్ చేత ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించాడు, తర్వాత నా చేత. నేను వేయనంటే, నా చెయ్యి బలవంతంగా లాగి తన తల మీద పెట్టుకున్నాడు. ఆ జుట్టు రంగు నా వేళ్లకు అంటింది. ఇంకో సమయంలో అయితే ఏడిపించేదాన్ని.

తోడు ఎట్లా పాడైందని అన్నదమ్ములు ఆయన్ని అడుగుతున్నప్పుడు నేను చాయ్ ఇవ్వడానికి ఆ గదిలోకి వెళ్లాను. ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. "నేనే సరిగ్గ చూసుకోలే. తప్పు నాది" అంటున్నాడు. చిన్నబ్బాయి నోరు తెరిచి చూస్తున్నాడు. ఆ మనిషి నోట ఆ మాట వాళ్లెవరూ వినలేదు మరి. చేసిన తప్పు ఒక్కటీ ఒప్పుకోనివాడు, చెయ్యనిదాన్ని నెత్తిన వేసుకున్నాడు.

తర్వాత ప్యాకెట్‌లో వచ్చే పొడి ఈస్ట్‌తో జొన్న బీరు చేయించారు. బాగానే ఉంది, తాగేవాళ్లు తాగారు. ఆయన మాత్రం అరచెయ్యి మూసి, తిప్పి, వాసన చూసి, గ్లాసు పక్కన పెట్టేశాడు. తడిగుడ్డ తీసుకుపోయి హాల్లో బోర్డు మీద జొన్న బీరు అన్న అక్షరాలు తానే తుడిచాడు. కొన్నాళ్లకు, ఇక రావద్దన్నారు. మర్యాదగానే అన్నారు. శాలువా కప్పి, దండ వేసి, జ్ఞాపిక చేతికిచ్చి సాగనంపారు. ఇదంతా చిన్నబ్బాయి పనేనని నేను గట్టిగా అనుకున్నాను. గచ్చిబౌలి మోజులో ముసలాయన్ను వదిలించుకున్నాడని మనసులో బాగా తిట్టుకున్నాను.

నారాయణగూడ షెడ్డు కూడా ఎన్నాళ్లో లేదు. ఇప్పుడక్కడ పరీక్షల పిల్లలకు రీడింగ్ హాలు నడుస్తోంది. బ్రూవరీ మాత్రం పెరిగింది. నాకు తెలియని పేటల్లో కూడా బ్రాంచీలు ఉన్నాయి. మెట్రో పిల్లర్ మీద పోస్టర్‌లో జొన్నకంకి బొమ్మ వేసి 'మన జొన్న రుచి' అని రాస్తారు. ఆ పోస్టర్ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. నేను మళ్లీ కర్రీ పాయింట్‌కు వచ్చేశాను. ఆయన అప్పుడప్పుడు వచ్చేవాడు. కవరు ముడి విప్పకుండా పట్టుకుపోయేవాడు. మళ్లీ తోడు తయారు చేసుకోరాదా అని అడిగితే, "గంత టైం నా దగ్గర ఎక్కడిదక్కా" అన్నాడు. జుట్టుకు రంగు మానేశాడు అప్పటికి.

పెద్దకర్మ రోజు అడిక్‌మెట్‌లో వాళ్లింటికి వెళ్లాను. పాత స్టాఫ్ చాలామంది వచ్చారు. కాసేపటికి కారాగింది. పెద్దకొడుకు చెయ్యి పట్టుకుని అమ్మ దిగింది. బాగా వంగిపోయింది. ఫొటోకు దండం పెట్టి, నా పక్కన కుర్చీలో కూర్చుంది. నన్ను గుర్తుపట్టి నా చెయ్యి పట్టుకుంది.

"మంచి మనిషి బిడ్డా. ఏటా దసరాకు జమ్మి ఆకు తెచ్చి నా చేతుల పెట్టి, కాళ్లు మొక్కిపోయేటోడు. ఒక్క ఏడు గూడ తప్పలే. నాకే తలెత్త బుద్ధయ్యేది గాదు."

"ఎందుకమ్మా?"

"ఆయనను తీసెయ్యమన్నది నేనే గద. చిన్నోడు వద్దన్నడు. ముసలాయన ఎవరికేం అడ్డం, ఉండనీ అమ్మా అని నన్ను బతిమిలాడిండు. నేనే ఇనలే. తల్లి అసొంటి తోడునే చూసుకోనోడు ఇంక దేన్ని చూసుకుంటడురా అన్న. గంత మాట అనకుంటే మంచిగుండు."

ఒట్టూ గిట్టూ గుర్తు రాలేదు. నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఆయన భార్య లోపలి నుంచి, "అక్కా, జర చాయ్ అందుకో" అని పిలిచింది. వంటింట్లోకి వెళ్లాను. ఆమె స్టవ్ వైపు తిరిగి ఉంది. అమ్మ మాటలు ఆ గదికి బాగానే వినబడతాయి.

"చెప్పకక్కా."

"పూజ సంగతి నీకు తెలుసా?"

"తెలుసు."

"తీసెయ్యమన్నది ఈమెనే అని అన్నకు తెలిసి ఉంటే..."

"తెలుసు. శాలువా కప్పిన దినమే చిన్నబ్బాయి ఏడ్సుకుంట ఆయనకు చెప్పిండు. ఇంటికొచ్చి నాకు చెప్పి, బట్టలు మార్చుకుని పండుకున్నడు. మల్ల దసరాకు జమ్మి ఎవరికి ముందియ్యాలె అని నేనడిగితే, ఆమెకే అన్నడు."

నాలుగు గ్లాసుల్లో చాయ్ పోసింది. నేను పళ్లెం పట్టుకుని బయటికి వచ్చి ముందుగా అమ్మకే ఇచ్చాను. ఆమె గ్లాసు అందుకుని నా మొహంలోకి చూసింది.

"నువ్వాయనకు బాగ దగ్గర గద బిడ్డా. నా మీద కోపముండెనా ఆయనకు? ఎన్నడన్న అన్నడా?"

"లేదమ్మా, ఎన్నడూ అనలే" అన్నాను. అమ్మ తేలికపడి చాయ్ ఊదుకుని తాగింది. నేను ఆమెతో అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. చెప్పింది నిజమే కావడం వల్ల అక్కడ కూర్చోలేక, మిగిలిన గ్లాసులు అక్కడే వదిలేసి వీధిలోకి వచ్చి ఏడ్చాను.